దసరాకు గింజ, సంక్రాంతికి కాయ

భోగి రోజు తెల్లవారుజామున వీధిలో మంట వేసి వచ్చి, తలంటు పోసుకోకముందే మేడ ఎక్కాను. ఎనిమిది బకెట్లలో ఎనిమిది టమాటా మొక్కలు. మూడింటికి కాయలు పండాయి. కొంగులో కోసుకొచ్చి వంటింటి కాటా మీద పెడితే కిలో మీద రెండు వందల గ్రాములు తూగాయి. 2024 అక్టోబరు 12న, దసరా రోజు గింజ వేశాను. భోగి జనవరి 13న వచ్చింది. తొంభై మూడు రోజులు.

నేను ఒంగోలులో బ్లౌజులు కుడతాను. అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. మెట్లెక్కి వచ్చే ఆడవాళ్లకు పైనుంచి వేలాడే కొమ్మలు కనపడతాయి. కొలతలు ఇస్తూనే అడుగుతారు: "విత్తనం ఎక్కడ కొన్నావు? ఏం మందు కొట్టావు? ఎరువు ఏం వేశావు?" ఎప్పుడు వేశావని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేనూ మొదట్లో అంతే. రెండుసార్లు మొక్కలు పోగొట్టుకున్నాక తెలిసింది, మా ఊళ్లో టమాటాకు ఎరువు కంటే ముందు తేదీ కావాలని. ఆ తర్వాత నీళ్లు. ఈ రెండూ కుదిరితే మిగతాదంతా మొక్క చూసుకుంటుంది. అడిగినవాళ్లందరికీ సూది చేత్తో పట్టుకుని ముక్కలు ముక్కలుగా చెప్తున్నాను కాబట్టి, ఈసారి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మొదలుపెట్టింది 2023 జులైలో. అప్పుడు టమాటా ధర గుర్తుందిగా. మా వీధిలోకి వచ్చే బండి మీద కిలో నూట నలభై చెప్పాడు. ప్రభుత్వం రైతుబజార్లలో యాభై రూపాయలకు ఇస్తుంటే క్యూలో నిలబడి తెచ్చుకున్నాం. ఆ తెచ్చిన వాటిలో ఒక కాయ, కోడిగుడ్డులాగా గట్టిగా ఉండే బెంగళూరు టమాటా, బాగా మెత్తబడింది. పారేయబుద్ధి కాక కుండీలో పిసికి మట్టి కప్పాను. వారం తిరిగేసరికి గుంపుగా మొలిచాయి. ఎంత సంతోషపడ్డానో! ఇరవై మొక్కలు విడదీసి నాటాను. ఆగస్టు నెలాఖరుకు ఆకులు పైకి ముడుచుకుని, చిన్నవైపోయి, పసుపు పచ్చగా తిరిగి, మొక్క గిడసబారి కూర్చుంది. ఆకు తిప్పి చూస్తే కింద తెల్లటి చిన్న దోమలు. చెయ్యి తగిలితే దుమ్ములా లేచేవి. అది ఆకుముడత వైరస్. తెల్లదోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలినప్పుడు అంటిస్తుంది. ఒకసారి వచ్చిందంటే ఏ మందూ దాన్ని వెనక్కి తీసుకెళ్లలేదు. పీకెయ్యడమొక్కటే. వేపనూనె, పుల్లమజ్జిగ, ఎవరు ఏది చెప్తే అది కొట్టాను. ఇరవైలో మూడు మొక్కలు మిగిలాయి. ఆ మూడింటికీ కాయలు మూడు రకాలుగా వచ్చాయి. ఒకటి గుండ్రం, ఒకటి కోల, ఇంకొకటి ఉసిరికాయంత. బెంగళూరు టమాటా హైబ్రిడ్ కాబట్టి దాని గింజ నుంచి తల్లిలాంటి కాయ రాదు, రెండు వైపుల పెద్దల లక్షణాలు విడిపోయి ఒక్కో పిల్లకు ఒక్కో పాలు వస్తాయి. ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు.

ఆ సెప్టెంబరులో మా అత్త కంటి ఆపరేషన్ చేయించుకుని మా దగ్గరికి వచ్చింది. తనది కందుకూరు వైపు పల్లె. పెళ్లికి ముందు నుంచీ పొగాకు నారుమళ్లలో కూలి పని చేసిన మనిషి. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మేడ మీద కూర్చుని నా మూడు మొక్కలను చూసి, "రామ్ములక్కాయ్ ఇప్పుడెందుకేశావ్ అమ్మాయ్? పొగనారు పీకేటప్పుడు గదా ఇది మొలవాల్సింది" అంది. వాళ్ల ఊళ్లో పాతవాళ్లు టమాటాను రామములక్కాయ అనే అంటారు. పొగాకు, టమాటా, వంగ, మిరప అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. అందుకని పొగనారు పెంచిన చెయ్యి టమాటా నారు పెంచగలదు. తను ఆ మాట చెప్పలేదు, తన పని చూస్తూ చూస్తూ నాకు అర్థమైంది.

ఆ ఏడాది దసరా అక్టోబరు 23న వచ్చింది. ఆ సెలవుల్లోనే మా అత్త ఊరి నుంచి తెప్పించిన నాటు గింజలు వేశాం. పలకలు పలకలుగా, పల్చటి తోలుతో, బాగా పులుపుండే కాయ అది. నవంబరు చివర్లో బకెట్లలోకి మార్చాం. డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తుపాను తీరం దాటింది. ముందు రోజు రాత్రి గాలికి మేడ మీద ఏదో దొర్లుతున్న శబ్దం. నా కొడుకు, మావారు తడుస్తూ వెళ్లి బకెట్లను మెట్ల గదిలోకి చేర్చారు. పన్నెండింటిలో అయిదు బతికాయి. ఆ అయిదూ జనవరి నెలాఖరు నుంచి మార్చి నెలాఖరు దాకా ఆగకుండా కాశాయి. తుపాను దెబ్బ తిన్న మొక్క, తెల్లదోమ లేని చల్లటి రోజుల్లో ఎంత బాగా తేరుకుంటుందో కళ్లారా చూశాను.

ఆ ఊపులో 2024 ఫిబ్రవరిలో మళ్లీ గింజలు వేశాను. అత్త వద్దంది. నేను వినలేదు. మొక్కలు నిగనిగలాడుతూ పెరిగాయి. ఏప్రిల్‌లో గుత్తులు గుత్తులుగా పూసి, మూడో రోజుకు కాడతో సహా రాలిపోయాయి. పొద్దున మేడ ఊడిస్తే చేటలో పసుపు పూలే. ఎండ ముప్పై అయిదు డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పూత వస్తుంది, పిందె కట్టదు. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పూట కూడా గోడలు వేడి కక్కుతుంటే పిందె ఎలా కడుతుంది? అక్కడక్కడా కట్టిన నాలుగు కాయలు కూడా ఎర్రబడలేదు. నారింజ పసుపు రంగులో ఆగిపోయాయి. ఆ వేడికి కాయలో ఎరుపు రంగు పదార్థం సరిగ్గా తయారుకాదు. రోహిణి కార్తె వచ్చేసరికి మొక్కలే మాడిపోయాయి. నేను ఏం ఎరువు తక్కువ వేశానా అని రెండు నెలలు బాధపడ్డాను. ఎరువు తప్పు కాదు, తేదీ తప్పు.

అందుకే నా లెక్క ఇది. దసరా అటూ ఇటూ గింజ. కార్తీకమాసంలో నాటు. సంక్రాంతికి మొదటి కోత, అటు ఇటుగా. శివరాత్రి దాటాక ఒక నెల చివరి కాయలు. దసరా ప్రతి ఏడాది ముందుకూ వెనక్కూ జరుగుతుంది కాబట్టి కచ్చితంగా కావాలంటే అక్టోబరు మొదటి మూడు వారాలు అనుకోండి. వీడియోల్లో "ఏ నెలలోనైనా వేసుకోవచ్చు" అని చెప్పేవాళ్లు మదనపల్లె వైపు చల్లటి ఊళ్ల వాళ్లో, బెంగళూరు వాళ్లో అయి ఉంటారు. వాళ్లకు అది నిజమే. మనకు సముద్రం దగ్గర, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఆ తర్వాత రెండు నెలల చలి, వెంటనే ఎండ. ఆ చలి రెండు నెలలకు పూత అందాలి. మిగతాదంతా దానికి వెనక్కి లెక్క కట్టుకోవడమే.

ఇక నీళ్లు.

మా వీధిలో బోరు నీళ్లు ఉప్పన. బట్టలకు సబ్బు నురగ రాదు. ఆ నీళ్లే పోసి పెంచిన కుండీల అంచు మీద కొన్నాళ్లకు తెల్లటి పొర కట్టేది. గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పే. పెద్ద మొక్క తట్టుకుంటుందేమో కానీ గింజ తట్టుకోలేదు. ఇది ఊరికే అనడం కాదు, చూసి చెప్తున్నాను. రెండు పేపరు కప్పుల్లో ఒకే మట్టి పోసి, ఒక్కోదాంట్లో పది గింజలు వేశాను. ఒకదానికి బోరు నీళ్లు, ఇంకోదానికి కుళాయి నీళ్లు. కుళాయి కప్పులో ఆరో రోజున మొదటి మొలక వచ్చింది, ఎనిమిదో రోజుకు తొమ్మిది మొలిచాయి. బోరు కప్పులో పదకొండో రోజుకు నాలుగు. వాటిలో ఒకటి తల ఎత్తనే లేదు. మా ఫిల్టర్ బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి దగ్గర నీళ్లలో లవణాలు చూసే మీటరు ఉంటే బతిమాలి అన్నీ కొలిపించాను. మా బోరు లీటరుకు 1,900 మిల్లీగ్రాములు. కుళాయి 380. ఫిల్టర్ నుంచి పక్క గొట్టంలో బయటికి పోయే నీళ్లు 2,600. చాలామంది ఆ పారే నీళ్లు వృథా కాకూడదని మొక్కలకు పోస్తారు. మంచి ఉద్దేశమే కానీ ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఇల్లు తుడవడానికి వాడుకోండి, టమాటాకు వద్దు.

నారుకు నేను పోసేది ఏసీ నీళ్లు. కింద ఉండే ఇంటి ఓనరమ్మ గారి ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టుకోవచ్చా అని అడిగితే ఆవిడ నవ్వి, "నువ్వు మోసుకుపోతానంటే నాకేంటమ్మా" అన్నారు. ఆ నీళ్లు గాలిలోని తేమే, వాటిలో ఉప్పు ఉండదు. మీటరు పెడితే 20 చూపించింది. మన ఉక్కకు రాత్రికి అయిదారు లీటర్లు వస్తాయి. వాటిలో ఉప్పు లేనట్టే బలమూ లేదు, కాబట్టి మట్టిలో ఎరువు ఉండాలి. మొక్క బకెట్లోకి మారాక కుళాయి నీళ్లు. కుళాయి రాని రోజుల కోసం ఒక డ్రమ్ము నింపుకుంటాను. తప్పనిసరై బోరు నీళ్లు పోయాల్సి వస్తే, బకెట్ అడుగు చిల్లుల్లోంచి బయటికి కారేదాకా పోస్తాను. కొంచెం కొంచెం చిలకరిస్తే ఉప్పు పైనే పేరుకుంటుంది. అక్టోబరు, నవంబరు వానలు ఈ ఉప్పునంతా కడిగేస్తాయి. ముసురు పట్టినప్పుడు ఖాళీ బకెట్లను మట్టితో సహా వానలో వదిలేయండి, ఆ మట్టి మళ్లీ కొత్తదవుతుంది.

నారు విషయంలో మా అత్త దగ్గర నేర్చుకున్నది ఎంత చెప్పినా తరగదు. పొగాకు గింజ ఇసుక రేణువు కంటే సన్నం, గ్రాముకు పది వేలకు పైగా ఉంటాయి. టమాటా గింజలు గ్రాముకు మూడు వందలు. అంత సన్నటి గింజను వానాకాలం చివర్లో మొలిపించిన వాళ్లకు టమాటా ఒక లెక్కా? కానీ తను దీన్నీ అంతే శ్రద్ధగా చేసింది. మట్టిని పిండి జల్లెడలో జల్లించింది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. ఎరువు చేతిలోకి తీసుకుని వాసన చూసింది. పేడ వాసన వస్తే ఇంకా మాగలేదని పక్కన పెట్టింది. మాగిన ఎరువు తొలకరి మట్టి వాసన వస్తుంది. గింజను గోరు మందం కంటే లోతుగా పెట్టనివ్వలేదు. పైన గుప్పెడు వరిగడ్డి చిన్న ముక్కలుగా కత్తిరించి పరిచింది. మొలక గుచ్చుకోగానే ఆ గడ్డి తీసేయాలి, ఒక్కపూట ఆలస్యమైనా మొలక సాగిపోతుంది.

ఒక్కోదానికి అయిదారు చిల్లులు పెట్టిన పెరుగు డబ్బాలే నా నారుమడి. డబ్బాలు నేల మీద పెట్టకుండా కింద చీమకుర్తి గ్రానైట్ ముక్కలు పెట్టాను. నల్లరాయి, కోతలో మిగిలిన పట్టీలు, మా ఊళ్లో ఎక్కడైనా దొరుకుతాయి. "నారుమడి ఎత్తున ఉండాల, వానొస్తే నీళ్లు దిగిపోవాల" అనేది అత్త సూత్రం. మేడ తడిసి కిందికి దిగుతుందేమోనని ఓనరమ్మ గారికి ఉండే టెన్షన్ కూడా ఆ రాళ్లతో తీరింది.

మొదటి ఏడాది నా చేతుల్లో నారు ఎలా పోయిందో చెప్పాలి. మొలకలు రెండు ఆకులతో నిలబడ్డాయి. ముద్దొచ్చి సాయంత్రం మళ్లీ ఒకసారి నీళ్లు చల్లాను. పొద్దున చూస్తే సగం మొలకలు మొదట్లో దారంలా సన్నబడి పక్కకు వాలిపోయి ఉన్నాయి. ఆకు పచ్చగానే ఉంది, కాడ మాత్రం నేల దగ్గర నీళ్లోడింది. నారుకుళ్లు. మట్టిలో ఉండే బూజు జాతి తెగులు. తడి, గుంపు, గాలాడకపోవడం, ఈ మూడూ కలిస్తే ఒక్క రాత్రిలో పాకుతుంది. అత్త ఏం తిట్టలేదు. "నీళ్లు పొద్దుటి పూట పోయాల. సందేళకి పైమట్టి ఆరిపోవాల. తడి మీద నారు నిద్రపోకూడదు" అంది. నాకు ఆ మాట అలాగే మనసులో పడిపోయింది. పొగాకు నారుకు అయితే మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం చల్లేవాళ్లట. మా ఎనిమిది డబ్బాలకు అది అవసరం పడలేదు. ఒక్కో డబ్బాలో రెండే గింజలు, పొద్దుటి నీళ్లు, మధ్యాహ్నం దాకా ఎండ. ఆ తర్వాత ఒక్క మొక్క కూడా కుళ్లలేదు.

ఎండ విషయం కూడా అక్కడే. కిటికీ దగ్గర, మిషను పక్కన పెట్టుకుని చూసుకుంటూ కుట్టుకోవచ్చని గదిలో ఉంచాను ఒకసారి. జానెడు పొడవు, వెంట్రుకంత కాడ. తలకాయ బరువుకే ఒంగిపోయేవి. నీడలో పెంచితే నారు గొంతు సాగుద్దని అత్త అంటుంది. మొలకెత్తిన రోజు నుంచే బయటి వెలుతురు చూడాలి. వాన వస్తే సన్‌షేడ్ కిందికి, వెలిస్తే మళ్లీ ఎండలోకి.

తెల్లదోమకు మాత్రం నా దగ్గర ఉన్నదే పనికొచ్చింది. లంగా ఓణీలు కుట్టగా మిగిలిన ఆర్గాంజా ముక్కలు. నెట్ గుడ్డ వేసి చూశాను, దాని కన్నాల్లోంచి దోమ దూరింది. ఆర్గాంజా అల్లిక సన్నం, వెలుతురు, గాలి రెండూ పోతాయి. నాలుగు పుల్లలు గుచ్చి, దోమతెరలాగా చుట్టూ కుట్టి, అడుగున ఎలాస్టిక్ వేశాను. నారు దశలో దోమ అంటకపోతే సగం గెలిచినట్టే, ఎందుకంటే చిన్నప్పుడు వైరస్ సోకిన మొక్క అసలు కాయదు. పెద్దయ్యాక సోకితే కొన్నయినా కాస్తుంది. బకెట్లలోకి మార్చాక పసుపు రంగు అట్టలకు ఆముదం పూసి కొమ్మల ఎత్తులో వేలాడదీస్తాను. తెల్లదోమకు పసుపు రంగంటే ఇష్టం, వచ్చి అంటుకుపోతుంది. పది రోజులకోసారి తుడిచి మళ్లీ పూయాలి. ఆకుముడత తట్టుకునే రకాలూ ఉన్నాయి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా రక్షక్ అలాంటిదే. కానీ అది హైబ్రిడ్, ప్రతిసారీ విత్తనం కొనాలి. విత్తనం దాచుకోవాలనుకునేవాళ్లకు అర్కా వికాస్, పూసా రూబీ, పీకేఎం-1 లాంటివి మంచివి, తల్లిలాంటి కాయే వస్తుంది.

నారు నాలుగైదు ఆకులు వేసి, కాడ పెన్సిల్ ముల్లంత గట్టిపడ్డాక, సుమారు పాతిక రోజులకు, మార్చే ముందు నాలుగు రోజులు నీళ్లు తగ్గిస్తాం. ఆకు మధ్యాహ్నం కొంచెం వాడినా కంగారు పడకూడదు. ఇదీ పొగనారు పద్ధతే. అలా గట్టిపడ్డ మొక్క కొత్త చోట నిలదొక్కుకుంటుంది. ఎండ తగ్గాక సాయంత్రం నాటాలి. టమాటాకు ఒక మంచి గుణం ఉంది. కాడను కింది ఆకుల దాకా మట్టిలో పూడ్చినా ఆ కాడంతా వేళ్లు వేస్తుంది. కాబట్టి కింది ఆకులు తుంచి లోతుగా పూడ్చేయండి. సాగిపోయిన నారును కూడా ఇలా కాపాడుకోవచ్చు. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్‌కు ఒక్కటే మొక్క. నేను అత్యాశకు రెండేసి పెట్టి చూశాను, రెండూ కలిసి కాసింది ఒక్కటి కాసిన దానికంటే తక్కువే. మట్టిలో గుప్పెడు వేపపిండి కలుపుతాను. పూత మొదలయ్యాక పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క రెండు రోజులు నానబెట్టి, పది రెట్లు నీళ్లు కలిపి పోస్తాను. ఎరువు గురించి నేను చెప్పేది ఇంతే.

మొక్క మోకాలెత్తు వచ్చేసరికి ఊతకర్ర పెట్టాలి. కట్టడానికి దారం వాడకండి, గాలికి ఊగి కాడను కోసేస్తుంది. నేను లైనింగ్ గుడ్డ అంచులు వేలెడు వెడల్పున చింపి, ఎనిమిది అంకెలా మెలితిప్పి కడతాను. మెలిక కర్రకూ కాడకూ మధ్యలో ఉంటే ఒరుసుకోదు. మా మేడ మీద ఇప్పుడు ఎర్రవీ పచ్చవీ వంగపండు రంగువీ, ఎవరెవరి బ్లౌజుల ముక్కలో గాలికి ఊగుతుంటాయి. మొన్న ఒకావిడ, "అది నా పెళ్లిరోజు బ్లౌజు లైనింగ్ కదూ" అని గుర్తుపట్టింది.

పూత మీద తుమ్మెద వాలితే నేను పని ఆపి చూస్తాను. టమాటా పువ్వులో పుప్పొడి ఒక చిన్న గొట్టంలో ఉంటుంది, అది ఊగితేనే రాలుతుంది. తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లంతా అదరగొడుతూ జుమ్మంటుంది, పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. తుమ్మెద రాని రోజు పొద్దున తొమ్మిది పది మధ్య నేనే కత్తెర పిడితో కర్రను మెల్లగా తడతాను. మా మేడకు గాలి బాగా తగులుతుంది కాబట్టి ఆ మాత్రం చాలు.

మొదటి కాయల అడుగున నల్లటి మచ్చ, చెప్పు తోలులా గట్టిగా, వస్తే భయపడకండి. అది తెగులు కాదు. కాయకు సున్నం అందకపోవడం. మట్టిలో సున్నం ఉన్నా, ఒక రోజు ఎండగట్టి ఒక రోజు ముంచెత్తితే నీళ్లతో పాటు పైకి రావాల్సిన సున్నం కాయ దాకా రాదు. ఉప్పు నీళ్లు పోస్తే ఇంకా ఎక్కువ. నేను కోడిగుడ్డు పెంకుల పొడి దోసిళ్లతో వేశాను. అది మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, అప్పటికప్పుడు చేసేదేమీ లేదు. పెళ్లిళ్ల సీజను కుట్టుపనిలో పడి నీళ్లు మరిచిపోవడమే అసలు కారణమని తర్వాత తెలిసింది. రోజూ పొద్దున ఒకే చెంబుతో ఒకే లెక్కన పోయడం మొదలుపెట్టాక కొత్త కాయలకు మచ్చ రాలేదు.

పొగాకు జిల్లాలో ఉన్నాం కాబట్టి ఇది తప్పక చెప్పాలి. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగిన చేత్తో టమాటా మొక్కను ముట్టుకోకూడదు. పొగాకుకు వచ్చే మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. చేతి నుంచి టమాటాకు అంటుకుంటుంది. ఆకుల మీద లేత, ముదురు పచ్చ మచ్చలు పడి మొక్క వంకర తిరుగుతుంది. మా మామయ్యకు చుట్ట అలవాటు. పండక్కి వచ్చి ప్రేమగా కొమ్మలు సర్దబోతే, అత్త "ముందు సబ్బు పెట్టి చేతులు కడుక్కురా, అప్పుడు ముట్టుకో" అని గట్టిగా చెప్పింది. ఆయన ఏమీ అనుకోకుండా కడుక్కొచ్చాడు.

భోగి నాడు కోసిన వాటిలో సగం రోటి పచ్చడికి పోయాయి. పచ్చిమిరపకాయలు, టమాటాలు నూనెలో మగ్గించి, చిటికెడు చింతపండు కూడా లేకుండా నూరింది అత్త. ఈ కాయకు చింతపండు అక్కర్లేదు, దాని పులుపు దానికుంది. ఓనరమ్మ గారికి ఒక గిన్నెడు ఇచ్చాను, ఏసీ నీళ్లకు.

ఇక గింజ దాచే పని మొదలైంది. మూడో బకెట్ మొక్క మొదటి నుంచీ రోగం లేకుండా, గుత్తికి అయిదారు కాయలతో ఉంది. దాని రెండో గుత్తిలో ఒక కాయకు ఎర్ర దారం కట్టాను. పచ్చడికి పండినంత పండితే చాలదు, చేత్తో నొక్కితే లోపలికి పోయేంత మెత్తబడాలి. అప్పుడు గుజ్జు గాజు గ్లాసులోకి పిండి, చెంచాడు నీళ్లు కలిపి, గుడ్డ కట్టి రెండు రోజులు నీడలో పెడతాను. పైన తెల్లటి పొర కట్టి పుల్లటి వాసన వస్తుంది. గింజ చుట్టూ ఉండే జిగురు, కాయలో ఉన్నంత కాలం దాన్ని మొలవనివ్వదు. ఆ పులుపులో జిగురంతా విడిపోతుంది. మూడో రోజు దాటనివ్వకూడదు, గింజ గ్లాసులోనే మొలకెత్తుతుంది. కడిగితే మంచి గింజలు అడుగుకు దిగుతాయి, తాలు గింజలు తేలిపోతాయి. కాగితం మీద ఆరబెడితే అంటుకుపోతాయి కాబట్టి లైనింగ్ గుడ్డ మీద పరిచి, నీడలో అయిదు రోజులు ఆరనిస్తాను. ఖాళీ మాత్రల సీసాలో, చెంచాడు పొయ్యి బూడిదతో కలిపి అత్త మూత పెడుతుంది. మూడు నాలుగేళ్లు మొలకెత్తే శక్తి ఉంటుంది.

ఈసారి గింజలు కావాలని పేర్లు రాయించుకున్నవాళ్లు పదకొండు మంది. బ్లౌజు కవర్లోనే చిన్న పొట్లం పెట్టి ఇస్తానని చెప్పాను. పొట్లం మీద "అక్టోబరు" అని మా అబ్బాయి చేత రాయించాలి. ఎర్ర దారం కాయ ఇంకా నాలుగైదు రోజులు మొక్క మీదే ఉంటుంది. నిన్న సాయంత్రం అత్త పైకెక్కి దాన్ని అరచేతిలోకి తీసుకుని నొక్కి చూసింది. "ఇంకా కాలేదు" అంటూ దిగి వచ్చింది.